తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు సంతోషం

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు. అందుకే ఆఫీసుల్లో అడిగే పనిని అధికారులు తమ దగ్గర పెట్టుకుని, చెప్పే పనిని ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళకు వదిలేశారు. నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి, ఈ సర్టిఫికెట్టు మీద ఆకుపచ్చ సిరా సంతకం ఏది, ఉంటే అంత వంకరగా ఎందుకుంది అని అడుగుతూ పోవచ్చు. అవతలివాడు చెమటలు తుడుచుకుంటూ చెబుతూ పోతాడు. ఈ ఏర్పాటు అందరికీ సుఖంగానే ఉండేది. కాకినాడలోని రాష్ట్ర చెరువుల కొలతల మండలి ప్రాంతీయ కార్యాలయంలో దాన్ని చేజేతులా పాడుచేసుకున్నవాడు వైకుంఠరావు.

కావాలని చెయ్యలేదు పాపం. ఆయన ఆ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటు. ఏ కాగితం గడప దాటాలన్నా దాని ముసాయిదా ఆయన కలం కింద నుంచి దూరి రావలసిందే. ముసాయిదా రాయడంలో తనను మించినవాడు ఉభయ గోదావరి జిల్లాల్లో లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన ఒక్కడికే ఉండేదన్నది వేరే సంగతి.

ఆ రోజుల్లో డైరెక్టరు త్రివిక్రమరాజు గారు బెంగళూరులో ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు మెడలో గుర్తింపు కార్డు వేలాడే ఒక పట్టీ, నోట్లో ఒక మాట తగిలించుకుని వచ్చారు. పట్టీని రెండు రోజులకు తీసేశారు గానీ మాట మాత్రం ఉండిపోయింది.

"వైకుంఠరావు గారూ, అభ్యర్థుల్ని మనం ఎంపిక చేసుకునే యుగం ముగిసిందండి. ఇది అభ్యర్థులే మనల్ని ఎంపిక చేసుకునే యుగం. ఆ స్పృహ మన ఉత్తర ప్రత్యుత్తరాల్లో ప్రతి పంక్తిలోనూ ప్రతిఫలించాలి," అన్నారు.

వైకుంఠరావు సీటుకు వచ్చి, నియామకపు ఉత్తరం నమూనా బయటికి తీసి, అడుగున ఒక్క వాక్యం చేర్చాడు. "ఈ నియామకమును అంగీకరించుటకు ముందు తమకు ఏమైనా సందేహములున్నచో నిస్సంకోచముగా అడుగవచ్చును." అంతే. మధ్యాహ్నం మూడింటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే "భోంచేసి వెళ్ళండి" అంటాం చూడండి, ఆ జాతి వాక్యం అది. మర్యాద తెలిసినవాడెవడూ ఆ మాటకు చెప్పులు విప్పడు.

పలివెల సునంద చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, విస్తరి ముందు కూర్చుంది.

ఆ అమ్మాయిది రాజోలు వైపు. నీటి వనరుల మీద ఎం.టెక్. చదివి, రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. మండలిలో సాంకేతికాధికారి పోస్టుకు పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వచ్చి, నెగ్గింది. నియామకపు ఉత్తరం అందుకున్నవాళ్ళు సాధారణంగా దాన్ని దేవుడి పటం ముందు పెడతారు, వీధిలో నలుగురికీ చూపిస్తారు. ఈ అమ్మాయి మాత్రం దాన్ని చివరిదాకా చదివింది. చదివి, జవాబు రాసింది.

"అయ్యా, అడగవచ్చని మీరే రాశారు కాబట్టి మూడు సంగతులు అడుగుతున్నాను. ఒకటి, ఈ ఉద్యోగంలో నేను రోజూ చెయ్యవలసిన పని ఏమిటి? రెండు, నాకు ముందు ఈ పనిలో ఎవరున్నారు, ఎందుకు వెళ్ళిపోయారు? మూడు, మీ ఆఫీసులో సంతోషంగా పనిచేస్తున్న ఒకరితో కాసేపు మాట్లాడే వీలుంటుందా? వీటికి జవాబులు తెలిశాక నా నిర్ణయం చెబుతాను."

టపాలో వచ్చిన ఆ ఉత్తరాన్ని వైకుంఠరావు రెండుసార్లు చదివాడు. అరికాళ్ళలోంచి చెమట పట్టింది. ఎందుకంటే ఆ అమ్మాయి చేరడం మండలికి ఎంత అవసరమో గానీ, ఆయనకు ప్రాణావసరం.

ఆయన ఇల్లు అమలాపురం. తెల్లారకుండా లేచి, యానాం మీదుగా వచ్చే బస్సెక్కి, కాకినాడలో దిగి, సాయంత్రం మళ్ళీ అదే బస్సులో వేలాడుతూ ఇల్లు చేరతాడు. నడుం నొప్పి, రోజూ ఈ ప్రయాణం ఇబ్బందిగా ఉంది మహాప్రభో అని అర్జీలు పెట్టగా పెట్టగా అమలాపురం శాఖకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. వచ్చి రెండేళ్ళయింది. కానీ అందులో చిన్న మెలిక ఉంది. ఖాళీగా ఉన్న సాంకేతికాధికారి సీటుకు కూడా ఈయనే అదనపు బాధ్యత మోస్తున్నాడు. ఆ సీటులోకి ఎవరైనా వచ్చి చేరిన రోజు సాయంత్రం ఈయనను వదిలిపెడతారు. ఎవరూ రాలేదు. ఇప్పుడు వస్తానంటున్న ఒక్క మనిషి మూడు ప్రశ్నలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నెలాఖరులోగా చేరకపోతే ఆ పోస్టే రద్దయిపోతుంది, దానితోపాటు వైకుంఠరావు మోక్షమూ రద్దయిపోతుంది.

డైరెక్టరు గారు ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడగమని ఎవరు రాశారు?"

"తమరు ప్రతిఫలించాలన్నారు సర్."

"ప్రతిఫలించాలన్నాను గానీ, ఫలించాలనలేదు కదా," అన్నారు డైరెక్టరు గారు. అయినా ఆయన నూతన స్పృహ ఉన్న మనిషి కనుక వెంటనే తేరుకున్నారు. "సరే. అభ్యర్థి మనల్ని ఇంటర్వ్యూ చేస్తోంది. మనం నెగ్గి తీరాలి. జవాబుల ముసాయిదా పెట్టండి."

మొదటి రెండింటికీ జవాబు రాయడం వైకుంఠరావుకు నల్లేరు మీద బండి నడక. రోజూ చెయ్యవలసిన పని ఏమిటన్నదానికి, "సదరు పోస్టుకు నిర్దేశించబడిన విధులను ఎప్పటికప్పుడు నిర్వర్తించవలసియుండును" అని రాశాడు. అసలా పని ఆయనే చేస్తున్నాడు కాబట్టి అదేమిటో ఆయనకు తెలియాలి. నిజం చెప్పాలంటే తెలియదు. వచ్చిన కాగితాల మీద సంతకం పెట్టడమే ఆ పని అని ఆయన రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. రెండో ప్రశ్నకు, "పూర్వపు అధికారి అర్జిత సెలవుపై వెళ్ళి, తిరిగి వచ్చు విషయము పరిశీలనలో యున్నది" అని రాశాడు. ఆ పూర్వపు అధికారి నాలుగేళ్ళ కిందట సెలవు పెట్టి వెళ్ళి, ఆ తర్వాత పెళ్ళిళ్ళకు వంటలు చేసే వ్యాపారంలో దిగి, మొన్న అకౌంట్సు ఆఫీసరు భీమశంకరం గారమ్మాయి పెళ్ళికి గుత్తొంకాయ కూర కూడా తనే వండాడు. అందరూ తిన్నారు, బాగుందన్నారు. అయినా రికార్డు ప్రకారం మనిషి పరిశీలనలోనే ఉన్నాడు.

మూడో ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. సంతోషంగా పనిచేస్తున్న ఒకరు. కాగితం మీద సంతోషాన్ని పుట్టించగలడు గానీ, మనిషి కావాలంటోంది ఆ పిల్ల.

"సర్క్యులర్ వెయ్యండి," అన్నారు డైరెక్టరు గారు.

వేశాడు. "ఇందుమూలముగా కార్యాలయ సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, విధినిర్వహణలో సంతోషముగా యున్న ఉద్యోగులు తమ పేరు, హోదా, సంతోషమునకు గల కారణములతో శుక్రవారము సాయంత్రములోగా సూపరింటెండెంటు వారికి అందజేయవలెను. గడువు దాటిన పిమ్మట వచ్చిన సంతోషములు పరిగణింపబడవు."

శుక్రవారం సాయంత్రం అయింది. ఒక్క సంతోషమూ రాలేదు. వైకుంఠరావు ఉండబట్టలేక సీటు సీటుకూ తిరిగాడు.

"నన్నెందుకండీ ఇరికిస్తారు?" అన్నాడు భీమశంకరం. "సంతోషంగా ఉన్నానని సంతకం పెడతాను. రేపు విజిలెన్సు వాళ్ళొస్తారు. ఈ జీతంతో సంతోషం ఎలా వచ్చిందయ్యా, ఆదాయానికి మించి ఉందే అంటారు. నా వల్ల కాదండి బాబూ."

టైపిస్టు ఝాన్సీ తల కూడా ఎత్తలేదు. "మీకు తెలీందేముందండీ? ఈ ఆఫీసులో కాస్త నవ్వుతూ కనిపించినవాళ్ళకి ఇంకో సీటు పని అంటగడతారు. పోయిన దసరాకి కొత్త చీర కట్టుకొచ్చానని నన్ను టపా సెక్షన్‌లో కూడా వేశారు. నేను దుఃఖంలో ఉన్నాననే రాసుకోండి."

ఒక్క అటెండరు సత్తిబాబు మాత్రం చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "నాకు సంతోషమేనండి. ఇంటికాడ నుంచి ఏ ఏడింటికో బయటపడితే మళ్ళీ సాయంత్రం దాకా మా ఆవిడ నోట్లో పడే పనుండదండి. కానండి, నేను అవుట్‌సోర్సింగు కదండీ. నా సంతోషం ఏజెన్సీ వాళ్ళ కిందకొస్తదేమో కనుక్కోండి."

కనుక్కున్నారు. ఏజెన్సీ వాళ్ళ కిందకే వస్తుందట. మంజూరైన పోస్టులో లేని ఉద్యోగి సంతోషాన్ని మండలి సంతోషంగా చూపడానికి వీల్లేదని భీమశంకరం నిబంధన తీసి చూపించాడు.

సోమవారం పొద్దున డైరెక్టరు గారు వైకుంఠరావును పిలిచి కూర్చోమన్నారు. ఆయన ఎవరినైనా కూర్చోమన్నారంటే ఏదో నెత్తిన పడబోతోందన్నమాటే.

"వైకుంఠరావు గారూ, సంతోషం దానంతటది రానప్పుడు పరిపాలనాపరంగా కల్పించుకోవాలి. ఇప్పటికే మీకు సాంకేతికాధికారి అదనపు బాధ్యత ఉంది. దానితోపాటు ఇది కూడా చూడండి. మీకున్నంత అవసరం ఇంకెవరికీ లేదు కదా."

ఆ చివరి మాట నిజం. వైకుంఠరావు సీటుకు వచ్చి తన ఉత్తర్వు తానే రాసుకున్నాడు. "కార్యాలయ ప్రయోజనముల దృష్ట్యా, శ్రీ వైకుంఠరావు, సూపరింటెండెంటు, తక్షణము అమలులోనికి వచ్చునట్లుగా, తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు, సంతోషముగా యున్నట్లు ప్రకటించడమైనది. సదరు సంతోషమునకు ప్రత్యేక భత్యము ఏదియు చెల్లించబడదు." రాశాక ఒకసారి చదువుకున్నాడు. "ఏదియు" అన్న మాట పడిన తీరు ఆయనకు భలేగా నచ్చింది. తన మెడకు తాడు పేనుకుంటున్నా, ఆ తాడు పేట మీద పేట చక్కగా కుదురుతుంటే మురిసిపోయే రకం ఆయన.

ఇంటికి వెళ్ళి భార్య సుభద్రకు ఆ ఉత్తర్వు చూపించాడు. ఆవిడ దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది.

"అయితే ఇంట్లో కూడా ఉండాలా, ఆఫీసులోనేనా?"

"పనివేళల్లోనే."

"అంతేలెండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత," అని ఆవిడ చారులో పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఉత్తర్వు అయితే వచ్చింది గానీ సంతోషం ముఖం మీద కనిపించాలి కదా. వైకుంఠరావుది పుట్టుకతోనే చింతకాయ తిన్న ముఖం. డైరెక్టరు గారు భానుగుడి సెంటర్లో ఇంటర్వ్యూలకు శిక్షణ ఇచ్చే ఫణీంద్ర అనే కుర్రాణ్ణి పిలిపించారు. ఆ అబ్బాయి అన్నాళ్ళూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు తర్ఫీదు ఇచ్చినవాడే గానీ, ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు ఇవ్వడం అదే మొదలు. అయినా జంకలేదు.

"అంకుల్, మీరు నవ్వుతున్నారు గానీ పళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కళ్ళు నవ్వాలి."

వైకుంఠరావు కళ్ళు పెద్దవి చేశాడు.

"అలా కాదండి, అది భయం. ఒక పని చేద్దాం. ఈ ఆఫీసులో మీకు బాగా సంతోషం కలిగిన రోజు గుర్తు తెచ్చుకోండి."

వైకుంఠరావు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. "ఆ మధ్య తుపానుకి పైకప్పు రేకులు ఎగిరిపోయి ఆఫీసుకి వారం రోజులు సెలవిచ్చారు, బాబూ. అది చెప్పొచ్చా?"

ఫణీంద్ర దాన్ని పక్కన పెట్టమన్నాడు. దాని బదులు ఏమడిగినా "సవాళ్ళు" అని జవాబు చెప్పడం నేర్పించాడు. ఇక్కడేం బాగుంటుంది అంటే సవాళ్ళు. ఎందుకు ఉండిపోయారు అంటే సవాళ్ళు. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, నాలుగు రోజులు నవ్వడం నేర్చుకున్న వైకుంఠరావుకు దవడలు పట్టేసి, సుభద్ర రాత్రిపూట ఆవనూనె రాయవలసి వచ్చింది.

జవాబులతోపాటు వెళ్ళిన పిలుపు అందుకుని శనివారం సునంద వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో గొడుగు, భుజాన సంచి. వైకుంఠరావు ఆఫీసులో ఇంటర్వ్యూలు జరిగే రోజుల్లో ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని వరండాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోబెట్టాడో లెక్కలేదు. ఈ వేళ ఆయనే పొద్దున్నుంచి వరండాలో నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. వస్తూ దారిలో ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, ఈ ఒక్క గండం గట్టెక్కిస్తే తమలపాకుల పూజ చేయిస్తానని మొక్కుకున్నాడు కూడా. బల్ల మీద పళ్ళెంలో గొట్టం కాజాలు పెట్టించాడు. పక్క గదిలో డైరెక్టరు గారు తలుపు ఓరగా తీసి కూర్చున్నారు.

"నమస్తే సర్. సంతోషంగా ఉన్నది..."

"నేనేనమ్మా. కూర్చోండి. కాజా తినండి."

ఆ అమ్మాయి కూర్చుంది. కాజా జోలికి పోలేదు. "మీకు ఇక్కడ బాగా నచ్చేది ఏంటండి?"

"సవాళ్ళమ్మా," అన్నాడు వైకుంఠరావు, కళ్ళు నవ్విస్తూ.

"ఎలాంటి సవాళ్ళండి?"

ఈ ప్రశ్న ఫణీంద్ర చెప్పలేదు. వైకుంఠరావు పైకి చూశాడు, కిందికి చూశాడు. "ఒక్క రకం కాదమ్మా," అన్నాడు.

సునంద గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం ఆ ముఖంలో లేదు. "పోనీ సర్, ఇప్పుడు సాంకేతికాధికారి పని ఎవరు చూస్తున్నారో చెప్పండి."

"నేనేనమ్మా."

"మీరు ఇంజనీరాండి?"

"బి.కాం."

పక్క గదిలోంచి దగ్గు వినిపించింది. హెచ్చరిక లాంటి దగ్గు. కానీ ఆ పిల్ల బి.కాం. అన్న మాటకు నవ్వలేదు, ముఖం చిట్లించలేదు. మరి చెరువుల కొలతలు ఎలా తీస్తున్నారండి అని మెల్లిగా అడిగింది. ఈ రెండేళ్ళలో ఆ మాట ఆయనను అడిగినవాళ్ళు లేరు. పై అధికారులు కొలతలు పంపమన్నారే గానీ ఎలా తీశావని అడగలేదు. అడిగితే చెప్పాలని ఆయనకు కూడా ఎక్కడో ఉన్నట్టుంది.

"మండలాల నుంచి అంకెలొస్తాయమ్మా. వాటిని పోయినేడు అంకెల పక్కన పెట్టుకుంటాను. వానాకాలమైతే కాస్త కలుపుతాను, వేసవైతే కాస్త తీస్తాను. ఎవరి మనసూ నొప్పించను."

"చెరువులు చూశారా?"

"చూశానమ్మా. రోజూ బస్సులోంచి ఒకటి కనిపిస్తుంది. కిటికీ సీటు దొరికితే."

సునంద నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనకు కూడా నవ్వొచ్చింది. అది నేర్చుకున్న నవ్వు కాదు గనుక దవడ నొప్పెట్టలేదు.

"అయితే నిజం చెప్పండి సర్. మీరిక్కడ సంతోషంగా ఉన్నారా?"

వైకుంఠరావు ఓరగా ఉన్న తలుపు వైపు చూశాడు. ఉత్తర్వు అమల్లో ఉంది. "ఉన్నానమ్మా," అన్నాడు. అని ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాడు. "ఎందుకున్నానంటే, మీరు చేరిన రోజు సాయంత్రం నన్ను అమలాపురం పంపేస్తారు. మా ఇంటికి ఎదురుగానే ఆఫీసమ్మా, మధ్యన ఒక్క రోడ్డే అడ్డం. మధ్యాహ్నం ఇంటికెళ్ళి పొగలొచ్చే అన్నంలో ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని, ఇంత నెయ్యేసుకుని తింటాను. ఓ పావుగంట నడుం వాలుస్తాను. మా ఆవిడ లేపుతుంది. మళ్ళీ వచ్చి సీట్లో కూర్చుంటాను. ఏళ్ళ తరబడి క్యారియర్లో చద్ది మెతుకులు తింటున్నానేమో, ఆ సంగతి తలుచుకుంటే చాలమ్మా, ఇంకేం అక్కర్లేదు."

చెబుతుంటే ఆయన ముఖం విప్పారింది. ఫణీంద్ర నాలుగు రోజులు కుస్తీ పట్టినా రాని వెలుగు ఆ చింతకాయ ముఖంలోకి ఆవకాయ తలపుతో వచ్చేసింది. పక్క గదిలో దగ్గు ఆగిపోయింది; డైరెక్టరు గారు ఆశ వదులుకున్నారని దాని అర్థం.

సునంద గొడుగు కర్రను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "మా కాలేజీలో కూడా అందరూ సంతోషంగా ఉన్నామనే చెబుతారు సర్. ఎందుకో చెప్పింది మీరొక్కరే," అంది. గొడుగు పక్కన పెట్టి, "అంటే ఇన్నాళ్ళుగా ఆ చెరువుల్ని ఎవరూ కొలవలేదన్నమాట," అంది.

"అన్నమాటేనమ్మా."

"అయితే నేను కొలిచిందే మొదటి కొలత. అడ్డం చెప్పేవాళ్ళు కూడా ఉండరు."

అని ఆ అమ్మాయి చెయ్యి చాచి ఒక కాజా తీసుకుంది. వైకుంఠరావు మనసులో ఆంజనేయస్వామికి తమలపాకులు రెట్టింపు చేశాడు.

సోమవారమే అంగీకార పత్రం వచ్చింది. ఆ పిల్ల మంచిది కాబట్టి అందులో రెండు మంచి మాటలు కూడా రాసింది. "శ్రీ వైకుంఠరావు గారి ముఖంలో నేను చూసిన సంతోషం నిజమైనది. దాన్ని చూశాకే ఈ నిర్ణయానికి వచ్చాను." డైరెక్టరు గారు ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఒక ప్రతిని విజయవాడ ప్రధాన కార్యాలయానికి పంపించారు. అభ్యర్థి పెట్టిన ఇంటర్వ్యూలో నెగ్గిన మొట్టమొదటి ప్రాంతీయ కార్యాలయం మాదేనని పైన ఒక నోటు కూడా పెట్టారు. ఆ నోటు ముసాయిదా ఎవరు రాశారో వేరే చెప్పాలా?

సునంద వచ్చి చేరింది. వైకుంఠరావు ఆ పొద్దున ఆఫీసంతా కాజాలు పంచాడు. సొరుగులు ఖాళీ చేశాడు. కుర్చీలో వేసుకునే దిండు, మంచినీళ్ళ చెంబు సంచిలో సర్దుకున్నాడు. ఝాన్సీ కూడా లేచి వచ్చి, "అదృష్టవంతులండీ," అంది. భీమశంకరం కౌగిలించుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు గారి నుంచి పిలుపు వచ్చింది. వైకుంఠరావు రిలీవింగు ఉత్తర్వు ముసాయిదా చేత్తో పట్టుకుని మరీ వెళ్ళాడు.

డైరెక్టరు గారు ఆయనను కూర్చోమన్నారు.

"విజయవాడ నుంచి ఆదేశాలు వచ్చాయి వైకుంఠరావు గారూ. మీ పేరు రాష్ట్రస్థాయిలో ప్రస్తావనకు వచ్చింది. అభినందనలు. ఇంతకీ మీ బదిలీ ఏ కారణం మీద మంజూరైంది?"

"ఇబ్బంది కారణం మీద సర్. రోజూ అంత దూరం ప్రయాణం, నడుం నొప్పి..."

"అక్కడే చిక్కొచ్చి పడింది. ఇబ్బందిలో ఉన్న ఉద్యోగి సంతోషంగా ఉండడు. సంతోషంగా ఉన్న ఉద్యోగికి ఇబ్బంది ఉండదు. మీరు సంతోషంగా ఉన్నట్లు మన ఉత్తర్వు ఉంది, అభ్యర్థి ధ్రువీకరణ ఉంది. కనుక మీ బదిలీకి పునాదే లేకుండా పోయిందని ప్రధాన కార్యాలయం అభిప్రాయపడింది."

వైకుంఠరావు చేతిలోని ముసాయిదా ముందుకు చాపాడు. "సర్, ఆ సంతోషం తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకే కదండీ."

"ఆ తదుపరి ఉత్తర్వులే వచ్చాయి. మీ సంతోషాన్ని పర్మనెంటు చేశారు. ఇకమీదట రాష్ట్రంలో ఏ ప్రాంతంలో అభ్యర్థి అడిగినా మీ దగ్గరికే పంపుతారట. సంతోషంగా ఉన్న ఒకే ఒక్క ఉద్యోగిని వదులుకుంటే మండలి ఏమైపోవాలి, మీరే చెప్పండి."

"నేను సంతోషంగా లేను సర్," అన్నాడు వైకుంఠరావు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ముసాయిదా లేకుండా చెప్పిన మాట అదే.

డైరెక్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించారు. "అలా అనకండి. అంటే అభ్యర్థిని మోసం చేసి చేర్చుకున్నట్టవుతుంది. ఆ నియామకం చెల్లదు. ఆ అమ్మాయి పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చింది. పోస్టు రద్దు. ఆపైన మీ ఇష్టం."

వైకుంఠరావు కిటికీలోంచి చూశాడు. ఆవరణలో సునంద తల మీద టోపీ పెట్టుకుని, నిలువెత్తు కొలతకర్ర సత్తిబాబు భుజం మీద పెట్టిస్తోంది. చేరి రోజు గడవలేదు, అప్పుడే ఏదో చెరువు చూడ్డానికి బయల్దేరుతోంది. వాడు ముందు నడుస్తుంటే ఆ కర్ర గేటుకు తగులుకుని, ఇద్దరూ దాన్ని అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా అని వాదించుకుంటున్నారు. ఆ పిల్ల పగలబడి నవ్వుతోంది. ఆ ఆవరణలో అలాంటి నవ్వు విన్నట్టు ఆయనకు జ్ఞాపకం లేదు. రిలీవింగు ముసాయిదాను నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"బదిలీ రద్దు ఉత్తర్వు ముసాయిదా మీరే పెట్టండి," అన్నారు డైరెక్టరు గారు. "మీ అంత బాగా ఇంకెవరూ రాయలేరు."

సీటుకు వచ్చాడు. సంచిలోంచి దిండు తీసి మళ్ళీ కుర్చీలో వేసుకున్నాడు. కాగితం ముందు పెట్టుకుని, రాయకూడదు, ఎలాగోలా చెడగొట్టాలి, నాలుగు తప్పులు పెడితే వారం రోజులైనా ఆలస్యమవుతుంది అనుకున్నాడు. "పై సూచికలో ఉదహరించిన బదిలీ ఉత్తర్వు" అని మొదలుపెట్టాడు. రెండో వాక్యం వదులుగా వచ్చింది. వదిలెయ్యాలనే అనుకున్నాడు గానీ చెయ్యి ఊరుకోలేదు, బిగించాడు. మూడో వాక్యం దానంతటదే కుదిరింది. "సదరు ఉద్యోగి ప్రస్తుత స్థానముననే పరిపూర్ణ సంతోషముతో యున్నందున, అతనిని కదిలించుట ప్రజాప్రయోజనములకు భంగకరమని భావించి" అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన నడుం నొప్పి కూడా మరిచిపోయాడు. అయిదింటికల్లా సంతకం అయిపోయింది.

పొద్దుపోయాక ఇల్లు చేరాడు. గుమ్మంలో సుభద్ర ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. సంచిలో దిండు లేదు, చెంబు లేదు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"వదిలిపెట్టలేదా?"

వైకుంఠరావు చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చుని, రోడ్డు అవతల తాళం వేసి ఉన్న అమలాపురం శాఖ ఆఫీసు వైపు చూశాడు.

"డైరెక్టరు గారు ఒక్క అక్షరం కూడా దిద్దలేదు సుభద్రా," అన్నాడు.